అండమాన్‌లో మనవాళ్ళింటికి వెళ్ళాలంటే

అక్టోబరు వచ్చిందంటే సిక్కోలు (శ్రీకాకుళం) ఇళ్ళలో టీవీ ముందు కూర్చున్న వాళ్ళందరి చెవినా పడే మాట ఒకటుంది, "అండమాన్ సముద్రంలో అల్పపీడనం" అని. 2014లో హుద్‌హుద్ అక్కడ మొదలయ్యే విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ వార్త రాగానే ఊళ్ళో అందరూ ఇది మనవైపు తిరుగుతుందా, ఒడిశా వైపు పోతుందా అని లెక్కలు వేసుకుంటుంటే, మా నాన్న మాత్రం ఫోన్ పట్టుకుని వీధి అరుగు మీదికి వెళ్ళేవారు. "చెల్లీ, అక్కడెలా ఉంది?" అన్నదే ఆయన మొదటి మాట. మా మేనత్త పెళ్ళయి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌కి వెళ్ళి నలభై ఏళ్ళు దాటింది.

మన తీరంలో గార నుంచి కవిటి దాకా, అటు విజయనగరం వైపు పూసపాటిరేగ, భోగాపురం దాకా ఎన్నో పల్లెల్లో ఇలాంటి మేనత్తో, చిన్నాన్నో, బావో ఆ దీవుల్లో ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి. వెనకటి తరం పొట్ట చేత పట్టుకుని రంగం వెళ్ళింది. రంగూన్‌ని మనవాళ్ళు అలాగే పిలిచేవారు. తర్వాతి తరాలకి అండమాన్ దారి తెరుచుకుంది. 2011 జనాభా లెక్కల నాటికి ఆ దీవుల జనం దాదాపు 3.8 లక్షలు. వాళ్ళలో 13 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని రాయించారు. అంటే ఎనిమిది మందిలో ఒకరు మనవాళ్ళే.

కాబట్టి ఇది ఐదు రోజుల ప్యాకేజీ టూరు గురించి కాదు. ఆ దీవుల్లో చుట్టాలో, స్నేహితులో ఉండి, వాళ్ళింటికి వెళ్ళి పది పదిహేను రోజులు ఉండి రావాలనుకునే వాళ్ళ కోసం రాస్తున్నాను. బీచ్‌లు కూడా చూడండి, తప్పకుండా చూడండి. కానీ సముద్రం పక్కన పుట్టినవాళ్ళం, కెరటాల కోసమే అంత దూరం వెళ్ళనక్కర్లేదు. మనుషుల కోసం వెళ్ళాలి. ఆ మాట మనసులో పెట్టుకుంటే ఏ నెలలో వెళ్ళాలి, ఏం మోసుకెళ్ళాలి, ఎన్నాళ్ళుండాలి అన్నవన్నీ వాటంతటవే తేలిపోతాయి.

ముందు నెల చూసుకోండి

మనం చేసే మొదటి తప్పు, పిల్లలకి వేసవి సెలవులు కదా అని మే నెలలో బయల్దేరడం. ఇక్కడ రోళ్ళు పగిలే ఎండలు కాస్తున్నప్పుడే అక్కడ వాన మొదలవుతుంది. నైరుతి రుతుపవనాలు కేరళని తాకక ముందే, మే మూడో వారం ప్రాంతంలో అండమాన్‌ని తాకుతాయి. అక్కణ్ణుంచి ఇక వానే వాన. దీవుల మధ్య బోట్లు ఆగిపోతాయి, విమానాలు దిగలేక వెనక్కి తిరిగిన రోజులూ ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలలు తుఫాన్ల కాలం, ఆ సంగతి మనకి ఒకరు చెప్పాలా? సంక్రాంతి దాటాక జనవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా సముద్రం బాగా నెమ్మదిగా ఉంటుంది. నా ఓటు ఫిబ్రవరికి. పిల్లల పరీక్షలు అడ్డమైతే పెద్దవాళ్ళయినా ఆ నెలలో వెళ్ళి రండి.

ఒక్క ఇబ్బంది ఉంది. ఫిబ్రవరి దాటితే పోర్ట్ బ్లెయిర్‌లో నీటి కటకట మొదలవుతుంది. ఊరికి నీళ్ళిచ్చే ధనిఖరి జలాశయం వాన మీద ఆధారపడేది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఇళ్ళు చాలా ఉంటాయి. చుట్టాలింటికి నలుగురం వెళ్తే వాళ్ళు బిందెలు లెక్క పెట్టుకోవాల్సి వస్తుంది. మొహమాటానికి వాళ్ళు చెప్పరు. మనమే తెలుసుకుని, బకెట్ నీళ్ళతో స్నానం ముగించి, బట్టలు తక్కువ ఉతుక్కునేలా సర్దుకోవాలి.

తేదీల దగ్గర ఇంకో మాట. దీవిలో తేదీ మన చేతిలో ఉండదు, సముద్రం చేతిలో ఉంటుంది. తిరుగు ప్రయాణం తర్వాత మూడు నాలుగు రోజులు ఖాళీగా ఉంచుకోండి. సోమవారం ఆఫీసులో ఉండాలని ఆదివారం తిరుగు టికెట్ తీసుకున్నవాళ్ళు అక్కడున్నన్నాళ్ళూ ఆకాశం వంక చూస్తూ టెన్షన్ పడుతుంటారు.

ఓడా, విమానమా?

అండమాన్ ప్రభుత్వ ఓడలు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి తిరుగుతాయి. మనకి దగ్గర విశాఖే. కానీ ఎక్కువ ఓడలు తిరిగేది చెన్నై, కోల్‌కతాల నుంచి. విశాఖ నుంచి నెలకో ఓడ అని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు కానీ, ప్రతి నెలా ఉంటుందని నమ్ముకోకూడదు. ఓడ మరమ్మతుకి వెళ్తే ఆ నెల లేనట్టే. దీవుల షిప్పింగ్ శాఖ షెడ్యూల్ ప్రకటించాకే సెలవు పెట్టండి. ప్రకటన వచ్చాక టికెట్లు తొందరగా అయిపోతాయి. అక్కడి చుట్టాలకి ముందే చెప్పి ఉంచితే కబురు మనకంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. అక్కడ స్థిర నివాసులైన వాళ్ళకి ద్వీపవాసి కార్డు మీద ఛార్జీ తక్కువ. అది చుట్టాలుగా వెళ్ళే మనకి వర్తించదు, మనం మామూలు ఛార్జీ కట్టాల్సిందే.

విశాఖ నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. సముద్రం బాగుంటే 56 గంటలు, అంటే రెండు రాత్రులు దాటి మూడో రోజు. అన్నిటికంటే చవకైనది బంక్ క్లాసు. కింది అంతస్తులో పెద్ద హాలు, అందులో వరసగా రెండేసి అంతస్తుల పడకలు. పైన క్యాబిన్లు ఉంటాయి, ఛార్జీ కూడా పైపైకే పోతుంది. పెద్దవాళ్ళతో వెళ్తే క్యాబిన్ తీసుకోండి. బంక్‌లో వెళ్ళేవాళ్ళు ఓడ మధ్య భాగంలో పడక దొరికేలా చూసుకోండి. ముందు, వెనక భాగాల కంటే అక్కడ ఊగడం తక్కువ.

దుప్పటి, దిండు బదులు ఒక పాత చీర, స్టీలు గ్లాసు, చిన్న తాళం, చెప్పులు, టార్చి, ఇవన్నీ చేతికందే సంచిలో ఉండాలి. క్యాంటీన్‌లో భోజనం వేళకే పెడతారు, వేళ దాటితే లేదు. కడుపులో తిప్పడానికి మాత్ర గురించి ఇక్కడే డాక్టరుని అడిగి తెచ్చుకోండి. ఓడ కదలక ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు. కడుపు ఖాళీగా ఉంచకూడదు. మరమరాలు, అల్లం ముక్క, నిమ్మకాయ ఇవి చాలు మొదటి రోజుకి. రేవు దాటిన కొన్ని గంటలకి ఫోన్ సిగ్నల్ పోతుంది, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి రండి. లేకపోతే రెండు రోజులు ఇక్కడ వాళ్ళు అన్నం మానేసి కూర్చుంటారు.

ఓడ ప్రయాణం కష్టమే. అయినా ఒక్కసారైనా ఓడలో వెళ్ళమనే చెబుతాను. మూడో రోజు తెల్లవారుజామున నిద్ర పట్టక డెక్కు మీదికి వెళ్ళాను. నీళ్ళు అప్పటిదాకా నల్లగా ఉన్నాయి. ఓడ ముక్కు పక్కన్నుంచి చేపలు గుంపుగా లేచి, రెక్కలు చాపుకుని, పది పన్నెండు బారల దూరం నీటి మీదే ఎగిరి మళ్ళీ మునిగిపోతున్నాయి. పక్కన కంబళి కప్పుకుని నిల్చున్న ముసలాయన, "అదిగో బాబూ, కొండలు అగపడుతున్నాయి" అన్నాడు. ఎంత చూసినా నాకు మబ్బే కనిపించింది. కాసేపటికి ఆ మబ్బు కదలలేదని గమనించాను. అప్పుడు అర్థమైంది, మా అత్త పద్దెనిమిదేళ్ళ వయసులో కొత్త చీరతో నిల్చుని చూసింది ఈ నీలిగీతనే అని. విమానంలో వెళ్తే ఆ దూరం ఎంతో మన ఒంటికి తెలియదు.

విమానం అయితే చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరు నుంచి ఉంటాయి. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు. విశాఖ నుంచి నేరుగా ఉన్న రోజులూ ఉన్నాయి, లేని రోజులూ ఉన్నాయి. కాబట్టి బుక్ చేసే రోజున చూసుకోవాల్సిందే. శ్రీకాకుళం రోడ్డులోనో, విజయనగరంలోనో హౌరా–చెన్నై మెయిల్ ఎక్కి చెన్నై వెళ్ళి, ఒక రాత్రి ఉండి, పొద్దున్న విమానం పట్టుకునేవాళ్ళే ఎక్కువ. రైలుకీ విమానానికీ మధ్య కనీసం పూటన్నర వ్యవధి పెట్టుకోండి.

పేర్ల గందరగోళం, కాగితాలు

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మార్చారు. అంతకుముందు 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ, రాస్‌ని నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీప్ అనీ అన్నారు. కాగితాల మీద కొత్త పేరు, నోటి మాటలో పాత పేరు. రెండూ తెలిసి ఉంటే కంగారు ఉండదు.

మన దేశస్తులకి పోర్ట్ బ్లెయిర్‌కీ, మామూలుగా చూసే దీవులకీ పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ అసలు కార్డు, రెండు జిరాక్సులు చాలు. నికోబార్ సంగతి వేరు. అది గిరిజనుల రక్షిత ప్రాంతం, అనుమతి లేనిదే వెళ్ళనివ్వరు. చుట్టాలింట్లో కాకుండా అద్దె గది తీసుకుని నెలల తరబడి ఉండేవాళ్ళు, ఇంటి ఓనరుతో పోలీసు వెరిఫికేషన్ ముందే పూర్తి చేయించుకోండి.

సంచిలో ఏం పెట్టాలి

దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. వెళ్ళేవాళ్ళు తమ బట్టలతో సంచి నింపేస్తారు. అక్కడ ఉక్కపోత మన ఊరిలాగే, నాలుగు జతల నూలు బట్టలు చాలు. మిగతా జాగా అంతా వాళ్ళది.

దీవుల్లో కొబ్బరి, వక్క, అరటి పండుతాయి. చేపలకి కొదవే లేదు. పప్పులు, ఉల్లిపాయలు, చింతపండు, ఎన్నో సరుకులు ఓడ మీద రావాల్సిందే. రెండు వారాలు ఓడ ఆలస్యమైతే బజారులో ధర మారిపోతుంది. అయితే డబ్బు పెట్టినా దొరకనివి కొన్ని ఉంటాయి, వాళ్ళ ప్రాణం వాటి మీదే ఉంటుంది. నేను ప్రతిసారీ తీసుకెళ్ళేవి ఇవి: చోడిపిండి, అంటే రాగిపిండి, అదీ మా ఊరి మరలో ఆడించింది. ఉలవలు. కొత్త చింతపండు. ఊరమిరపకాయలు. పలాస జీడిపప్పు. భీమాళి మామిడి తాండ్ర. ఆవకాయ. అరసవల్లి సూర్యనారాయణస్వామి కుంకుమ చిన్న పొట్లం. పెద్దవాళ్ళుంటే పొందూరు ఖద్దరు తువ్వాలు ఒకటి.

విమానంలో అయితే బరువు చూసుకోండి. చాలా విమానాల్లో లోపల పెట్టే సామాను 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఊరగాయలు లోపలి సామానులోనే, రెండు కవర్లు చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి పంపండి. ఎండుకొబ్బరి విమానం ఎక్కనివ్వరు, నూనె ఉండి త్వరగా అంటుకుంటుందని. ఓడలో ఇన్ని పట్టింపులు ఉండవు.

ఇంకొకటి. ఫోటోలు కాగితం మీద ప్రింట్ వేయించి తీసుకెళ్ళండి. ఫోన్‌లో చూపిస్తే ఒక్కసారి చూసి తిరిగి ఇచ్చేస్తారు. కాగితం అయితే వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇంటి ఫోటో, ఊరి చెరువు, గుడి, కొత్తగా పుట్టిన పిల్లలు, కొత్త కోడళ్ళు, పేర్లు వెనక రాసి. మా నాయనమ్మ పోయినప్పుడు అత్త రాలేకపోయింది. కబురు అందేసరికి ముందు రోజే ఓడ వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో విమానం టికెట్ కొనేంత డబ్బు వాళ్ళకి లేదు. జంగ్లీఘాట్ గట్టు దగ్గర సముద్ర స్నానం చేసి ఇంటికొచ్చేసిందట. నేను వెళ్ళినప్పుడు నాయనమ్మ కట్టిన పాత నేతచీర ఒకటి తీసుకెళ్ళాను. అత్త నేల మీద కూర్చుని సంచిలోవి ఒక్కొక్కటీ తీస్తోంది. చోడిపిండి మూట విప్పి వాసన చూసింది. చింతపండు గోటితో గిల్లి నాలిక మీద పెట్టుకుంది. చీర చేతికి తగలగానే ఆగిపోయింది. మడత విప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని, అంచు మీద వేలు అటూ ఇటూ రాస్తూ, "అమ్మకి ఈ పక్క కొంచెం చిరిగి ఉండాలే" అంది. నిజంగానే చిరిగి ఉంది, నాయనమ్మే కుట్టుకుంది. అలాంటిదేమైనా మీ ఇంట్లో ఉంటే, జీడిపప్పు ఒక కిలో తగ్గించుకునైనా సరే, తీసుకెళ్ళండి.

దిగాక

ఓడ హాడో రేవులో ఆగుతుంది. విమానం అయితే వీర్ సావర్కర్ విమానాశ్రయం, ఊరిని ఆనుకునే ఉంటుంది. ఆటో ఎక్కేముందు ఛార్జీ మాట్లాడుకోండి.

మొదటి రెండు రోజులు ఒళ్ళు అక్కడి వెలుగుకి అలవాటు పడాలి. మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ మీదుగా పోతుంది. మనం దాదాపు దాని మీదే ఉన్నాం. అండమాన్ అక్కడికి పది డిగ్రీలు తూర్పున ఉంది. పొద్దు నలభై నిమిషాలు ముందే వాళ్ళకి వచ్చేస్తుంది, ముందే పోతుంది. శీతాకాలంలో సాయంత్రం అయిదుంపావుకే చీకటి. కాబట్టి "సాయంత్రం వస్తాం" అని ఎవరింటికైనా చెబితే వాళ్ళు నాలుగింటికే ఎదురు చూస్తారు. పొద్దున్నే లేచే ఊరది. పడవలు వచ్చే వేళకి జంగ్లీఘాట్ గట్టు మీద చేపల దగ్గర నిల్చుంటే సగం మాటలు మన సిక్కోలు యాసలోనే వినిపిస్తాయి. వంజరం ధర అడిగారంటే చాలు, మీ ఊరెక్కడో వాళ్ళు కనిపెట్టేస్తారు.

మనవాళ్ళలో కలవడం

ఆ ఊళ్ళో మన పరిచయం పేరుతో మొదలవ్వదు, ఊరితో మొదలవుతుంది. "ఏ ఊరోలు?" అంటారు. జిల్లా పేరు చెప్పి ఆగకండి. మండలం, పల్లె, ఇంటిపేరు, తాత పేరు చెప్పండి. నాలుగో మాటకి ఏదో చుట్టరికం కలుస్తుంది, అయిదో మాటకి భోజనానికి పిలుస్తారు. వద్దనకండి. అలాగని పది ఇళ్ళకీ పది పూటలు భోజనానికి వెళ్తే మన చుట్టాలకి మనం మిగలం. టీకి కొందరింటికి, భోజనానికి ఇద్దరు ముగ్గురింటికి అని మీ అత్తనో, పెద్దమ్మనో అడిగి నిర్ణయించుకోండి. ఏ ఇంటికి ముందు వెళ్ళాలో వాళ్ళకే తెలుస్తుంది. వరస తప్పితే ఆ మాట మీరు తిరిగొచ్చాక కూడా వాళ్ళు పడాలి.

వెళ్ళిన ఇంట్లో ముందు ఊళ్ళో పోయినవాళ్ళ సంగతి చెప్పాలి. ఇది ఎవరూ చెప్పి పంపరు కానీ, అక్కడి పెద్దవాళ్ళు అడగాలనుకునేది అదే. పెళ్ళిళ్ళు వాట్సాప్‌లో తెలుస్తాయి. ఫలానా వీధి చివర ఇంటి ముసలమ్మ పోయిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తీరిగ్గా కూర్చుని చెప్పండి. తర్వాత పొలాల సంగతి, వేట సంగతి, ఊళ్ళోకి వచ్చిన రోడ్డు సంగతి.

వాళ్ళ పిల్లలు తమలో తాము హిందీలో మాట్లాడుకుంటారు. బెంగాలీ, తమిళం, మలయాళం, తెలుగు, రాంచీ వైపు వాళ్ళ మాటలు, ఇన్ని భాషలున్న చోట హిందీయే అందరినీ కలుపుతుంది. "తెలుగు సరిగ్గా రాదేంటి?" అని పిల్లల్ని నలుగురిలో అడగకండి. అక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం ఉందని గుర్తుంచుకోండి. ఇంత దూరంలో మూడు తరాల పాటు ఇంట్లో తెలుగు నిలబెట్టుకోవడం చిన్న సంగతి కాదు. మా అత్త మనవరాలు నాతో, "మామయ్యా, నువ్వు కల్ ఆతావా?" అంది, రేపు వస్తావా అని. ఆ మాటలో నాకు తప్పు కనిపించలేదు, పిలుపు వినిపించింది. చదివి వినిపించడానికి పిల్లల కథల పుస్తకాలు నాలుగు పట్టుకెళ్ళండి.

తుఫాన్ల కాలమే అయినా, వీలు చూసుకుని పండగ రోజుల్లో వెళ్తే ఆ సందడి వేరు. దుర్గాపూజ అక్కడ ఊరంతటి పండగ, బెంగాలీలు ఎక్కువ కదా. ఆ రోజుల్లోనే మన విజయనగరంలో పైడితల్లి సిరిమాను. అక్కడ పూజ పందిరి పక్కన నిలబడి ఫోన్‌లో సిరిమానోత్సవం చూసే మనవాళ్ళని చూశాను. ఇప్పుడు ఫోన్ కలపడం సులువైంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాకే దీవులకి సరైన ఇంటర్నెట్ వచ్చింది. అంతకుముందు ఫోటో ఒక్కటి వెళ్ళడానికే పూట పట్టేది.

తిరగడం

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలుకి తప్పకుండా వెళ్ళండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఒంటరి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి చూడండి. చాథంలో 1883 నాటి రంపపు మిల్లు ఉంది, కలప పని తెలిసినవాళ్ళకి బాగా నచ్చుతుంది.

హేవ్‌లాక్, నీల్ దీవులకి ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ప్రభుత్వ బోట్లు తిరుగుతాయి, ఛార్జీ తక్కువ. ప్రైవేటు క్యాటమరాన్లు త్వరగా వెళ్తాయి, ఛార్జీ ఎక్కువ. ఏది ఎక్కినా టికెట్ మీ పేరు మీద మీ చేతికి వచ్చాకే అక్కడ గదికి డబ్బు కట్టండి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఒక ఏజెంటుకి అంతా ముందే కట్టేసింది. తీరా జెట్టీకి వెళ్తే బోటులో వాళ్ళ పేర్లే లేవు. గది డబ్బు పోయింది, రెండు రోజులు పోయాయి. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ సాయంత్రం చూడదగ్గది. సాయంత్రం ఇసుకలో కూర్చుంటే కుట్టే సన్నపురుగులుంటాయి, కాళ్ళకి కొబ్బరినూనె రాసుకోండి. చిన్న దీవుల్లో ఏటీఎం నమ్ముకోకుండా నోట్లు దగ్గర ఉంచుకోండి.

మనకి ఈత వచ్చు, సముద్రం తెలుసు అని ధైర్యం ఉంటుంది. కానీ మన సముద్రంలో లేనిది ఒకటి అక్కడ ఉంది: ఉప్పునీటి మొసలి. మడ అడవుల వాగులు కలిసే చోట్ల, కొన్ని బీచ్‌లలో హెచ్చరిక బోర్డులు పెట్టారు. బోర్డు ఉన్న చోట మోకాలి లోతు కూడా దిగకండి. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక పర్యాటకురాలి ప్రాణం మొసలి తీసింది.

బారాటాంగ్ వైపు సున్నపురాయి గుహలు చూడటానికి వెళ్తే దారి జారవా జాతి అడవి గుండా పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ ఆపి, వేళకి ఒక వరసగా వదులుతారు. దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, తినేవి విసరకూడదు. 1956 నాటి ఆదిమ జాతుల రక్షణ నిబంధనల కింద జైలు శిక్ష ఉంటుంది. శిక్ష సంగతి అలా ఉంచండి. అది వాళ్ళ ఇల్లు. మన పెరట్లోంచి ఎవరో బస్సులో పోతూ మన పిల్లలకి బిస్కెట్లు విసిరితే మనకెలా ఉంటుంది? గుహలు చూడకపోయినా పోయేదేమీ లేదని నాకు అనిపించి, రెండోసారి నేను ఆ దారిన వెళ్ళలేదు.

కబురు ఎక్కడ నమ్మాలి

ఓడల రాకపోకలు, ప్రభుత్వ ప్రకటనలు అక్కడి ప్రభుత్వం నడిపే "ది డైలీ టెలిగ్రామ్స్" పత్రికలో వస్తాయి. వాతావరణం కోసం భారత వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. మనకి విశాఖలో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. కళింగపట్నంలో ఎన్నో నంబరు జెండా ఎగరేశారన్నది ఎలా పట్టించుకుంటామో, అక్కడి రేవు హెచ్చరికని కూడా అలాగే పట్టించుకోవాలి. వాట్సాప్‌లో తిరిగే "సునామీ వస్తోంది" అన్న ఆడియోలని ఇక్కడికి పంపకండి. 2004 డిసెంబరు 26 తర్వాత అత్త గొంతు వినడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు చూసినవాళ్ళెవరూ అలాంటి ఆడియోని సరదాకి పంపరు. 2007 నుంచి హైదరాబాద్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది, అది చెప్పిందే నమ్మండి. అయితే మీరు బీచ్‌లో ఉండగా భూమి గట్టిగా, చాలాసేపు కంపిస్తే ఏ హెచ్చరిక కోసమూ ఆగకండి. సామాను వదిలేసి ఎత్తు ప్రదేశానికి నడవండి.

ఒంట్లో బాగోకపోతే పోర్ట్ బ్లెయిర్‌లో జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది. పెద్ద కేసులని చెన్నై, కోల్‌కతా పంపుతారు. గుండె జబ్బు, డయాలసిస్ ఉన్నవాళ్ళు ఇక్కడి డాక్టరు మాట తీసుకున్నాకే బయల్దేరండి. రోజూ వేసుకునే మందులు అనుకున్న దానికి రెండు వారాలు ఎక్కువ పెట్టుకోండి.

తిరిగొచ్చేటప్పుడు

ఇసుకలో దొరికిన గవ్వ, పగడపు ముక్క ఏదీ సంచిలో వేసుకోకండి. చట్టం ఒప్పుకోదు. తనిఖీలో తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు. పిల్లల జేబులు కూడా ఒకసారి చూడండి. కొనాలనుకుంటే ప్రభుత్వ సాగరిక ఎంపోరియంలో కొని బిల్లు దగ్గర పెట్టుకోండి.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఏ పనీ పెట్టుకోకండి. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు ఊరికి పంపే కబుర్లు, చిన్న చిన్న పొట్లాలు తెస్తారు. ఎవరిది ఎవరికో పొట్లం మీదే రాయించుకోండి. పెద్దవాళ్ళు చెప్పే మాటలు ఫోన్‌లో రికార్డు చేసి తీసుకురండి, వాళ్ళ అన్నదమ్ములకి వినిపించండి. మా అత్త చెప్పిన మూడు నిమిషాలని మా నాన్న ఎన్నిసార్లు విన్నారో నాకు తెలియదు.

ఇక విశాఖలో దిగి సిగ్నల్ రాగానే, ఆటో మాట్లాడక ముందే, అక్కడికి ఫోన్ చేయండి. హాడో గేటు బయట మిమ్మల్ని ఓడకి సాగనంపిన మనిషి, ఆ రెండున్నర రోజులూ ఆ ఫోన్ కోసమే ఎదురు చూస్తూ ఉంటుంది.